కనుమమ్మ బావి నీళ్ళూ, పోలయ్య కొత్త రేడియేటరూ

మా గురువుగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "ఊఁ" అంటారు, అంతే. అడిగినవాడు ఆ "ఊఁ"ని పట్టుకుని రోజుల తరబడి తిరగాలి. తర్వాతెప్పుడో, ఏ కూరగాయల బేరం దగ్గరో, బస్సు కోసం నిలబడ్డ చోటో, "అదిగో, చూడు" అంటారు. చూడ్డం చేతకాకపోతే అది మన ఖర్మ. ఆయన దగ్గర చేరి నా జుట్టు నెరిసిపోయింది గానీ, నేనడిగినవాటిలో సగానికి నాకింకా జవాబులు అందలేదు.

నా తోటి శిష్యుడు తారకం అడిగింది మాత్రం మంచి ప్రశ్నే, ఒప్పుకోవాలి. వాళ్ళ నాన్నగారు బతికున్నన్నాళ్ళూ మధ్యాహ్నం తను భోజనానికి కూర్చునేముందు ఒక విస్తరి అదనంగా వేయించి, అన్నీ వడ్డించి, వీధి గుమ్మం వైపు చూసేవారట. వాళ్ళ ఇల్లు కింద ఊళ్ళో, బస్సులు ఆగే రోడ్డు పక్కనే. ఎవరో ఒకరు రానే వచ్చేవారు. తండ్రి పోయాక తారకం కొండమీది మా ఆశ్రమానికి వచ్చేస్తూ ఆ అలవాటు కూడా వెంట తెచ్చుకున్నాడు. రోజూ మా వంటింటి మూల ఒక విస్తరి వేసి వడ్డిస్తాడు. ఆ మూలకి ఎవడొస్తాడు? చీమలొస్తాయి. సాయంత్రానికి అది ఆవుకి పోతుంది. చివరికి వాడికే విసుగేసింది. "గురువుగారూ, వేస్తూ ఉంటే ఉత్త తంతులా ఉంది. మానేద్దామంటే మా నాన్నని వదిలేసినట్టుంది. నన్నేం చెయ్యమంటారు?" అని అడిగాడు. గురువుగారు "ఊఁ" అన్నారు.

ఆశ్రమానికి బియ్యం, పప్పులు పోలయ్య లారీలోనే రావాలి. కొండమీద శుక్రవారం సంత. ఉప్పు, ఉల్లిపాయలు, బట్టలు, సమస్తం ఆ లారీయే పైకి మోస్తుంది. అద్దం పైన ఎర్ర రంగుతో పోలయ్య తల్లి పేరు రాసుంటుంది, సన్యాసమ్మ అని. కొండెక్కే ఘాటు రోడ్డు మొదట్లో కనుమమ్మ గుడి పక్కన టీకొట్టు నడిపి, ఆవిడ కొడుక్కి ఆ లారీ కొనిపెట్టింది. గుడి బావిలో నీళ్ళు తోడి, రేడియేటర్లో పోసి, అమ్మవారికి దణ్ణం పెట్టి ఘాటెక్కడం ఆ దారిని తిరిగే పాత డ్రైవర్లందరికీ ఆచారం. పోలయ్యకైతే మరీను. వాళ్ళమ్మే చేద వేసి తోడి, తన ఇత్తడి చెంబుతో అందించేది. ఆవిడ పోయి ఏళ్ళయినా ఆ చెంబు సీటు పక్కనే ఉంటుంది.

పాపం, కొంతకాలంగా లారీ మొరాయిస్తోంది. ఘాటు సగంలో పెద్ద మలుపొకటి ఉంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంజను మరిగిపోయి బుస్సుమని ఆవిరి కక్కేది. మిగతా డ్రైవర్లు దానికి "పోలయ్య మలుపు" అని పేరు కూడా పెట్టేశారు. వరసగా రెండు శుక్రవారాలు సరుకు సంతకి చేరలేదు. కొండమీద ఉప్పుకి కటకటైంది. ఈ శుక్రవారం కూడా రాకపోతే వేరే లారీని పెట్టుకుంటామని సంత పెద్దలు కబురు చేశారు. వాళ్ళనీ ఏమనగలం? ఆ సంత పోతే పోలయ్యకి బతుకు లేదు, బండిని ఇనుముకి తూకమెయ్యాల్సిందే. తల్లి పేరున్న ఆ రేకుని గ్యాసుతో కోస్తుంటే తను చూడలేనని గురువుగారి దగ్గర బావురుమన్నాడు.

గురువారం గురువుగారూ, తారకమూ, నేనూ పట్నం దిగేసరికి లారీ మస్తాన్ షెడ్డులో ఉంది. మస్తాన్ ఆ పట్నంలో పేరున్న మెకానిక్కు. పాత ఇత్తడి రేడియేటరు అంచు చీలి కిందపడుంది. గురువుగారు ఒక పాత టైరుమీద కూర్చుని తారకాన్ని పక్కకి పిలుచుకున్నారు. మస్తాన్ ఆ రేడియేటరు పైమూత విప్పి చూపించాడు. లోపల గొట్టాలనిండా తెల్లగా సున్నం గట్టిపడి ఉంది. నీరు పారే సందే లేదు.

ఇదెక్కణ్ణుంచి వచ్చిందని పోలయ్య అడిగాడు. బావినీళ్ళనుంచే వచ్చిందని మస్తాన్ చెప్పాడు. ఏళ్ళ తరబడి పోసిన నీళ్ళ ఉప్పంతా లోపల పేరుకుపోయిందన్నాడు. పోలయ్య ముఖం మాడిపోయింది. తల్లి చేతినీళ్ళే బండి గొంతుకి అడ్డం పడ్డాయంటే ఎవడు తట్టుకుంటాడు?

అంత పాత బండికి కంపెనీ రేడియేటర్లు చెయ్యడం ఎప్పుడో మానేసింది. మస్తాన్ బయటి తయారీది, అల్యూమినియంది ఒకటి తెప్పించాడు. తెల్లగా మెరుస్తోంది. పోలయ్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి నీరుగారిపోయాడు. ఇంత తేలిగ్గా ఉన్నది ఘాటేం ఎక్కిస్తుందని వాడి బెంగ. బోల్టు కన్నాలు కూడా కలవలేదు. మస్తాన్ విసుక్కోలేదు. పాత పట్టీలు తీసేసి కొత్తవి కోసి, కన్నాలు వేసి, బండి అదురు దానికి తగలకుండా కింద రబ్బరు ముక్కలు పెట్టి కూర్చోబెట్టాడు. హోస్ పైపులు మార్చి క్లిప్పులు బిగించాడు. నీళ్ళ బదులు ఇంజన్ని చల్లబరిచే ఆకుపచ్చ కూలెంటు పోసి, మూత తెరిచే ఇంజను తిప్పాడు. లోపలి గాలి బుడగలుగా వచ్చేసి, ఇక రావని తేలేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పుడు మూత బిగించి పోలయ్యకి ఒకటే మాట చెప్పాడు. "అన్నా, ఇందులో బావినీళ్ళు పోశావంటే దీన్నీ చంపుకుంటావు. పైగా వేడిమీద మూత తీశావంటే నీ మొహం కాలుద్ది."

పోలయ్య బుద్ధిగా తలూపాడు. అలా ఊపినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

మర్నాడు పొద్దున్నే నిండు లోడుతో బయల్దేరాం. గురువుగారూ తారకమూ ముందు కూర్చున్నారు. శిష్యుల్లో పెద్దవాణ్ణి కదా, నన్ను మర్యాదగా బియ్యం బస్తాలమీదికి ఎక్కించారు. ఘాటు మొదట్లో గుడి రాగానే లారీ దానంతటదే ఆగినట్టు ఆగింది. పోలయ్య చెంబు పట్టుకుని దిగాడు. నీళ్ళు తోడాడు. బానెట్టు ఎత్తాడు. ఒక చేతిలో చెంబు, రెండో చేతిలో మూతమీదికి గుడ్డ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కేకేద్దామని నోరు తెరిచాను. అప్పటికే గురువుగారు దిగి వాడి పక్కన నిలబడి ఉన్నారు.

పోలయ్య చెంబు దించలేదు. "నాకు తెలుసు అయ్యోరూ. మస్తాను సెప్పింది మర్సిపోనేదు. కానీ అమ్మోరికి, మాయమ్మకి నీళ్ళియ్యకుండా ఈ కొండ ఎప్పుడూ ఎక్కనేదండి. ఈయాల్టికి ఎక్కకపోతే ఇంకేటి మిగల్దు. నానేటి సెయ్యాల?" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళే.

గురువుగారు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. లారీలోకెళ్ళి ఇంజను వేడి చూపించే ముల్లు ఎక్కడుందో చూసి రమ్మన్నారు. పోలయ్య చూసొచ్చాడు. వేడి ముల్లు సగానికి కిందే ఉందట. బండికి దాహం లేదన్నమాట.

"పోలయ్యా, మీ అమ్మ కొట్లో నేనూ టీ తాగినవాణ్ణే. ఆవిడ నీళ్ళు తోడాక చెంబు ముందు ఎవరికిచ్చేదో గుర్తుందా?"

పోలయ్య ఆలోచించాడు. ఆలోచిస్తూనే చెంబువైపు చూశాడు. "ముందు నాకేనండి. తాగరా, ఎండనపడి ఎల్తన్నావు అనేది. నాను తాగినాకే మిగిల్ది బండికి."

ఆచారంలో ఆ ముందు ముక్క ఎప్పుడు జారిపోయిందో వాడికే తెలీదు. ఆ పొద్దున బెంగతో పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. పెదాలు ఎండి పొరలు లేచి ఉన్నాయి. గురువుగారు వచ్చి సీట్లో కూర్చున్నారు. పోలయ్య బానెట్టు మూశాడు. తల్లి పేరు కింద నిలబడి, చెంబెత్తి గటగటా తాగాడు. మిగిలిన నీళ్ళు అమ్మవారి గడపలో పోసి, కళ్ళకద్దుకుని ఎక్కాడు.

అక్కణ్ణుంచి చూడాలి ఆ లారీని! మొదటి మలుపు, రెండో మలుపు, దమ్ము తీసుకోకుండా ఎక్కుతోంది. నేను బస్తాలమీంచి పాక్కుంటూ వెళ్ళి క్యాబిన్ వెనక కిటికీలోంచి తలపెట్టాను. తారకం ఊపిరి బిగబట్టి ముల్లువైపే చూస్తున్నాడు. అది కదిలితేనా! పోలయ్య మలుపు వచ్చింది. అక్కడ కట్టమీద బండ్లు ఆపుకుని బీడీలు కాలుస్తున్న డ్రైవర్లు, ఆవిరి వేడుక చూద్దామని కాబోలు, నవ్వుకుంటూ లేచి నిలబడ్డారు. పోలయ్య గేరు తగ్గించాడు. ఇంజను గర్జించింది. రోడ్డు ఒక్కసారి నిటారుగా లేచింది. లారీ ఆగలేదు. ఆవిరి లేదు, బుస్సు లేదు. ముల్లు వెంట్రుకవాసి కదిలి మళ్ళీ దాని చోటికే వచ్చేసింది. మలుపు తిరిగి పైకి తేలగానే పోలయ్య హారన్ మీద చెయ్యేసి ఇక తియ్యలేదు. కట్టమీదివాళ్ళు తువ్వాళ్ళు ఊపి ఈలలు వేశారు. ముసలాడినైనా నేనూ వేశాను, సిగ్గేమిటి?

కొండమీద సంత జనం ఆ హారన్ ముందే విన్నారు. లారీ ఆగేసరికి పిల్లా పెద్దా రోడ్డుమీదే ఉన్నారు. వేరే లారీని పెడతామన్న పెద్దాయనే తన చేత్తో తలుపు తీసి పోలయ్యని దింపాడు. ఎవరో థింసా ఆటకి కొట్టే డప్పు అందుకున్నారు. ఉప్పు బస్తాలు చేతులమీదుగా దిగిపోతున్నాయి. వచ్చే శుక్రవారమూ, ఆపై శుక్రవారమూ, పోలయ్యదే బండి అని పెద్దాయన అందరి ముందూ అనేశాడు. పోలయ్య లారీ ముందుకెళ్ళి, జాలీ సందులోంచి ఆ తెల్లటి రేడియేటర్ని చూసి నవ్వాడు, ఏడ్చాడు. అంతలో టైరు పక్కన కూలబడ్డాడు. నిన్న మధ్యాహ్నం నుంచీ అన్నం తినలేదట.

అది విన్న తారకం ఆశ్రమం వైపు పరుగెత్తాడు. వచ్చేటప్పుడు రెండు చేతులమీదా విస్తరి. వంటింటి మూల వేసే విస్తరే, అన్నీ వడ్డించి, గాలికి ఎగరకుండా గుండెకి ఆనించుకుని తెచ్చాడు. లారీ నీడలో పోలయ్య ముందు పెట్టాడు. పోలయ్య కలుపుకుని తినడం మొదలెట్టాడు. తారకం వాడివైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. తారకం ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి గురువుగారి దగ్గరికొచ్చి, "గురువుగారూ, ఆ వేళ విస్తరి సంగతి మిమ్మల్ని అడిగానే..." అని మొదలుపెట్టాడు.

"నన్నెందుకు? ఇంకో ముద్ద కావాలేమో, అతన్నడుగు" అన్నారు గురువుగారు.