మూత తీసిన దీపం

కరీముల్లా మాస్టారి చేత సూటి జవాబు చెప్పించడం ఎవరి తరమూ కాదు. ప్రశ్న విని, అడిగినవాడి చేత చెప్పులు తొడిగించి, ఎక్కడికో నడిపించుకుపోతారు. చీరాలలో ఆయన దగ్గర కరెంటు పని నేర్చుకున్నవాళ్ళందరూ లోలోపల తిట్టుకుంటూనే ఆయన వెంట నడిచారు.

ఆ ఉదయం ఆ వంతు ప్రభుదాసుకి వచ్చింది. నేతపేటకు నలభై ఎల్‌ఈడీ దీపాలు చేసిస్తానని ఒప్పుకున్నాడు. మర్నాడే బిగించాలి. ఇంటి కరెంటును ఒక కెపాసిటర్‌తో తగ్గించి, నాలుగు డయోడ్లు వేసి, అగ్గిపెట్టెలో పట్టేంత సర్క్యూట్ తయారుచేశాడు. మురిసిపోతూ దాన్ని మాస్టారి ముందు పెట్టాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దీపాన్ని ఇంటి కరెంటు నుంచి వేరు చెయ్యాలంటే బరువు, బోలెడు చాకిరీ. ఇంత తేలికది ఉండగా అదెందుకు మాస్టారూ?"

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పనితనం బాగుంది. పద," అన్నారు.

వెళ్ళింది నేతపేటలో వీరరాఘవులు ఇంటికి. గుంటమగ్గం మీద అతని భార్య రత్తమ్మ నేస్తోంది. ఒకప్పుడు సన్నంచు నేతకు పెట్టింది పేరైన వీరరాఘవులు మూల కూర్చుని ఎడంచేత్తో నూలు కండెలు చుడుతున్నాడు. అతని కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. ప్రభుదాసు వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదా నాయనా?" వీరరాఘవులు నవ్వాడు. "పదేళ్ళ కిందట మీ మాస్టారు నాకో దీపం చేసిచ్చాడులే. ఇంతే ఉండేది, ఏం వెలుగనుకున్నావు! లోపలికి నూలు దుమ్ము చేరి మసకేసింది. వెలుగుతుండగానే మూత తీసి తడిగుడ్డతో తుడిచా. కాళ్ళేమో గుంటలో చెమ్మ మీద. ఆ ఎల్‌ఈడీ గింజల్లో ఇంటి కరెంటంతా ఉంటుందని నాకేం తెలుసు? తప్పు నాదేలే. మూత తియ్యొద్దని మీ మాస్టారు చెప్పనే చెప్పాడు."

మాస్టారు తల ఎత్తలేదు. రత్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి లేచారు.

వీధి మలుపు తిరిగాక ప్రభుదాసు ఉండబట్టలేక అన్నాడు. "మీరు ముందే చెప్పారు కదా మాస్టారూ. ఇంక మీ తప్పేముంది?"

"పొద్దున్నే దీపంతో సహా అన్నీ తడిగుడ్డతో తుడవకుండా ఈ పేటలో ఎవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. తెలిసి తెలిసి నువ్వు చేసినలాంటిదే చేసిచ్చాను, తేలిగ్గా అయిపోతుందని."

ప్రభుదాసు కళ్ళముందు నలభై ఇళ్ళు తిరిగాయి. ఉదయం పడ్డ మురిపెం తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. రేపు బిగించడం లేదని, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మళ్ళీ చెయ్యడానికి ఇంకో నెల గడువు అడుగుతానని మెల్లగా చెప్పాడు.

మాస్టారు కాసేపు నడిచి, తనలో తను అనుకున్నట్టు అన్నారు.

"పదేళ్ళుగా వస్తున్నాను. వచ్చినప్పుడల్లా తప్పు నాదేలే అంటాడు. ఒక్కసారి తిట్టినా బాగుండేది."