దండెం మీద పూల చొక్కా

ఇటు తిరుగు. మూతి అలా ముడుచుకుని పడుకుంటే నిద్రెలా వస్తుందే? రేపు యూనిఫాం వేసుకోనని పొద్దుట్నించీ ఒకటే పేచీ. సరే, ఆ పంచాయితీ రేపు చూద్దాం. ఇప్పుడు కథ చెప్తాను, ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరంత పెద్దదీ కాదు, మీ తాతయ్య పుట్టిన ఊరంత చిన్నదీ కాదు, అలాంటి ఒక ఊళ్ళో ఒక బొమ్మల ఆఫీసు ఉండేది. బిస్కట్ల పొట్లం మీద, సబ్బు అట్ట మీద, అగరువత్తుల పెట్టె మీద బొమ్మలుంటాయి చూడు, అవన్నీ అక్కడే వేసేవాళ్ళు. కుంచెలతో కాదు, కంప్యూటర్లో. వాళ్ళని గ్రాఫిక్ డిజైనర్లు అంటారట, మీ నాన్న చెప్పాడు. నాకు మాత్రం బొమ్మలేసేవాళ్ళే.

ఆ ఆఫీసులో వరాలు అని ఒకమ్మాయి ఉండేది. బొమ్మలంటే దానికి ప్రాణం. అయితే ఆ పిల్లకో అలవాటు. ఏ పెట్టెకి ఏ రంగు వెయ్యాలో తోచకపోతే, ఆ రంగు బట్టలు కట్టుకుని ఊళ్ళో ఓ చుట్టు తిరిగొచ్చేది.

బస్టాపులో పూలమ్మే సత్తెమ్మ "ఎక్కడ కొన్నావమ్మా?" అని అడిగితే, ఒకటి. టీ కొట్టు ముసలాయన గ్లాసు పక్కన పెట్టి మరీ చూస్తే, రెండు. ఆ తర్వాత బస్సులో ఎవరి చంకలోనో ఉన్న పసిపిల్ల చెయ్యి చాపి ఓణీ పట్టుకుని లాగితే, ఇంక తిరుగులేదు. ఆ రంగు పెట్టె మీదకి ఎక్కేసేది.

అందుకని ఒకరోజు చిలకపచ్చ, మర్నాడు వంగపండు రంగు, ఆ మర్నాడు రెండూ కలిపి. మీ అమ్మ చూస్తే "ఇదేం వేషమే" అనేది. నేనైతే దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకునేదాన్ని.

ఆ ఆఫీసు పెద్దాయన పేరు సన్యాసిరావు గారు. మంచివాడే పాపం. ఎండాకాలం వస్తే అందరికీ తన చేత్తో మజ్జిగ పోసేవాడు. కాకపోతే ఎప్పుడు చూడు, గంజి పెట్టిన తెల్ల చొక్కా. దాని మీద ఒక్క ముడత పడనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఎక్కడో పెద్ద కంపెనీ నుంచి టై కట్టుకున్నాయన ఒకడు వచ్చాడు. వరాలు ఆ రోజు చిలకపచ్చ లంగా మీద గులాబీ ఓణీ వేసుకుంది. ఆయన పైనుంచి కిందికి చూసి, "ఇది ఆఫీసా అండీ, తిరనాళ్ళా?" అని పకపకా నవ్వాడు.

వరాలు పట్టించుకోలేదు. సన్యాసిరావు గారి మొహం మాత్రం ఇంతైపోయింది. ఎప్పుడో తగిలిన దెబ్బ మళ్ళీ అక్కడే తగిలినట్టు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత వారంలోనే అందర్నీ పిలిచి తలా రెండు జతల బట్టలు చేతిలో పెట్టాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. "ఇక మీదట ఆఫీసులోనైనా, ఊళ్ళోనైనా ఇవే వేసుకోవాలి. ఇంకేవీ వద్దు" అన్నాడు. దాన్ని డ్రెస్ కోడ్ అంటారట. డ్రెస్ కోడో, గాడిద గుడ్డో!

వరాలు ఏడ్చిందా అంటావా? ఏడవబోయింది. అప్పుడు పక్క బల్ల దగ్గర సింహాద్రి కనిపించాడు.

సింహాద్రి అంటే పెట్టెల మీద పేర్లు రాసేవాడు. ఒంపులు తిప్పి రాశాడంటే అక్షరం కూడా నోరూరించేది. ఇంత లావు మనిషి, పిల్లాడంత సిగ్గు. ఆయనకి ఉన్నవి రెండే చొక్కాలు, వాటి కాలర్లు కూడా తిరగేసి కుట్టించినవి. అవి ఎవరికీ కనపడకూడదని ఎప్పుడూ గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని మొదటిసారి ఇటు తిరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు అందరం ఒకటే కదా వరాలమ్మా" అని నవ్వాడు. ఎంత హాయిగా నవ్వాడనుకున్నావు!

ఇంక ఈ పిల్ల ఏమంటుంది? ఏడుపు మింగేసి తెల్ల చొక్కా వేసుకుంది.

వింటున్నావా? ఊఁ అను మరి. ఆఁ, అదీ.

అప్పుడేమైందంటే, వరాలు సాంబ్రాణి పెట్టెకి బొమ్మ వేసింది. అది సిమెంటు బస్తాలా వచ్చింది. ఆ తర్వాత పసిపిల్లల పౌడరు డబ్బాకి వేసింది. అది చీమల మందు డబ్బాలా వచ్చింది. ఆ తర్వాత కాంతమ్మ గారి బెల్లం చిక్కీలకి వేసింది. తెల్ల అట్ట, నీలం గీత. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "ఏమ్మా, నా చిక్కీలు జ్వరం వచ్చినవాళ్ళు తింటారా?" అంది.

నవ్వకు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆఫీసుకొచ్చే పనిలో సగం ఆవిడ ఇచ్చేదే. "రేపు సాయంత్రానికి మంచిది చూపించండి. లేదంటే మా పెట్టెలన్నీ ఇంకో చోట వేయించుకుంటాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు సన్యాసిరావు గారు వరాల్ని పిలిచి, తల దించుకుని చెప్పాడు. "రేపు కూడా కుదరకపోతే నీ చోట్లో నేనింకొకర్ని చూసుకోవాలి తల్లీ."

వరాలు ఈ ఉద్యోగం పోతే మేనమామ సిమెంటు కొట్లో కూర్చోవాల్సిందే, ఇంట్లో ఎప్పుడో చెప్పేశారు. పొద్దున లేస్తే బూడిద రంగు, సాయంత్రం దాకా బూడిద రంగు. ఇంక బొమ్మల ఊసే ఉండదు.

"సార్, నా చెయ్యి మొద్దుబారిపోయింది. ఒక్కరోజు రంగు బట్టలు కట్టుకుని ఊళ్ళోకి వెళ్ళొస్తాను" అని బతిమాలింది.

"వద్దమ్మా. నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసే కదండీ?"

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ రూలు తీసిపారేయండి అని గట్టిగా పోట్లాడదామనుకుంది వరాలు. కానీ ఇటు చూస్తే సింహాద్రి తెల్ల చొక్కాలో కూనిరాగం తీస్తూ పేర్లు రాసుకుంటున్నాడు. నోరు రాలేదు.

రాలేదు గానీ, ఊరుకుందా? మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తింది. మూట కట్టుకుని వచ్చింది. కిటికీ ఊచ నుంచి తలుపు మేకు దాకా ఒక తాడు కట్టి, దాని మీద చిలకపచ్చ లంగా, వాళ్ళమ్మ పసుపు చీర, వంగపండు ఓణీ, అన్నీ ఆరేసింది. ఆఫీసులో దండెం! సన్యాసిరావు గారు బయటికొచ్చి, "ఏమిటిది?" అన్నాడు.

"ఒంటి మీద వద్దన్నారు కదండీ, అందుకని దండెం మీద వేశాను" అంది.

గడుసుదే! ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు సింహాద్రి లేచి, జేబులోంచి వాళ్ళమ్మాయి కోసం కొన్న ఎర్ర రిబ్బను తీసి, "ఇది కూడా ఉండనీ వరాలమ్మా, రేపిద్దువుగానిలే" అని దండేనికి ముడేశాడు.

వరాలు సాయంత్రం దాకా ఆ దండెం ముందు కూర్చుంది. ఊహూఁ, ఏమీ తోచలేదు. రంగు మనిషి ఒంటి మీద ఉంటేనే దానికి తెలిసేది. కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, దండెం మీద కొత్తగా ఇంకోటి వేలాడుతోంది. అది ఒక చొక్కా. పండిన మామిడిపండు రంగు. దాని నిండా ఎర్ర మందారాలు, ఒక్కోటీ ఇంతింత. పెట్టెలో చాలా ఏళ్ళు ఉన్నట్టు కలరా ఉండల వాసన. అందరూ చుట్టూ మూగారు. ఎవరిది, ఎవరిది అని ఒకటే గోల.

"నాది" అన్నాడు వెనక నుంచి సన్యాసిరావు గారు.

అప్పుడు చెప్పాడాయన. వయసులో ఉన్నప్పుడు మొదటిసారి ఉద్యోగం అడగడానికి వెళ్తుంటే, వాళ్ళమ్మ తన పెళ్ళినాటి చీర కోసి రాత్రంతా కూర్చుని కుట్టిందట ఆ చొక్కా. "నా బాబు వస్తుంటే వీధంతా చూడాలి" అందట. తీరా వెళ్తే గేటు దగ్గరే ఆపేసి, "ఏ నాటకం కంపెనీ నుంచి వచ్చావు?" అని నవ్వారట. గుమాస్తాలంతా బయటికొచ్చి మరీ నవ్వారట. లోపలికే రానివ్వలేదు.

"ఇంటికొచ్చి అమ్మతో ఏం చెప్పను? బిగుతైందమ్మా, ఇంక వేసుకోను అన్నాను. ఆ తర్వాత తెల్ల చొక్కా తప్ప వేసుకుంటే ఒట్టు. మొన్న ఆయన నిన్ను చూసి నవ్వాడు చూడు, నాకు ఆ గేటు గుర్తొచ్చింది. నా దగ్గర పనిచేసే పిల్లల్ని చూసి ఎవరూ అలా నవ్వకూడదనే తల్లీ ఇదంతా" అన్నాడు. అంత పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వరాలు ఆ చొక్కా వంకే చూస్తోంది. వేళ్ళు కదిలాయి దానికి! "సార్, ఒక్కసారి వేసుకోండి. ఒంటి మీద చూడాలి" అంది.

ఆయన సిగ్గుపడుతూనే వేసుకున్నాడు. ఓరి నాయనో! బిగుతేమిటి, దిండు గలీబులా వేలాడింది. భుజాలు జారిపోయాయి. ఆయనకేం అర్థం కాలేదు. విప్పి, తిరగేసి, కుట్లు తడిమి చూశాడు. రెండు పక్కలా పాత కుట్లు విప్పి, అదే చీర ముక్క అతికి, వదులుగా మళ్ళీ కుట్టి ఉంది.

"మా అమ్మే" అన్నాడు. "బిగుతైందన్నానని నాకు చెప్పకుండా వదులు చేసి పెట్టింది. ఎప్పటికైనా వేసుకుంటాననుకుంది పిచ్చిది." ఆవిడ అప్పటికి పోయి చాలా కాలమైందిలే. ఆ చొక్కా మొహానికి ఆనించుకున్నాడు. సాయంత్రానికి కాంతమ్మ గారు వచ్చేస్తుంది, అయినా ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాత ఆయనే తల ఎత్తి, "సింహాద్రీ, ఇది నీకు పడుతుందేమో చూడు" అన్నాడు.

సింహాద్రి గోడకి అంటుకుపోయాడు. "నాకొద్దు బాబోయ్! అందరూ నన్నే చూస్తారు" అన్నాడు. మళ్ళీ వరాలు మొహం చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం. సిమెంటు కొట్టు సంగతి ఆయనకీ తెలుసు. ఇంకేం అనకుండా చెయ్యి చాపి చొక్కా అందుకున్నాడు.

వేసుకుంటే అచ్చం కొలతిచ్చి కుట్టించినట్టు సరిపోయింది.

ఇద్దరూ బయల్దేరారు. వరాలు తెల్ల చొక్కాలోనే ఉంది. పూల చొక్కాలో సింహాద్రి, తల వంచుకుని, చెమటలు కక్కుకుంటూ. వాళ్ళ వెనకాల కాస్త దూరంగా సన్యాసిరావు గారు, ఎవరైనా నవ్వితే అడ్డం పడదామని.

సత్తెమ్మ పూలబుట్ట దించి, "అయ్యో, నా మందారాలన్నీ నువ్వే కట్టుకుపోతున్నావేంటయ్యా!" అని నవ్వింది. సన్యాసిరావు గారు గబగబా ముందుకొచ్చాడు. కానీ ఆవిడ లేచొచ్చి, "ఎవరు కుట్టారయ్యా, ఎంత బాగుందో" అని చొక్కా అంచు పట్టుకుని చూసింది. ఆ తర్వాత టీ కొట్టు ముసలాయన గ్లాసు పక్కన పెట్టి మరీ చూశాడు. ఆ తర్వాత బస్సెక్కితే, ఒకావిడ చంకలో పసిపిల్ల బోసినోరంతా తెరిచి నవ్వి, ముందుకు దూకి, ఆ మందారాన్ని గుప్పిట్లో పట్టుకుంది. వాళ్ళమ్మ ఎంత లాగినా వదల్లేదు. సింహాద్రి తల ఎత్తి తనూ నవ్వాడు.

సన్యాసిరావు గారు అదంతా చూశాడు. ఆయనా నవ్వాడు తెలుసా, పళ్ళన్నీ కనపడేలా.

వరాలు ఆఫీసుకి పరిగెత్తింది. మామిడిపండు రంగు పెట్టె, దాని మీద ఎర్ర మందారం, పువ్వు పక్కన సింహాద్రి ఒంపులు తిప్పి రాసిన 'కాంతమ్మ చిక్కీ'. సాయంత్రం కాంతమ్మ గారు కళ్ళజోడు పెట్టుకోకుండానే, గుమ్మంలోంచే చూసి, "ఇదమ్మా! ఇదీ నా చిక్కీ అంటే!" అంది. సిమెంటు కొట్టు మేనమామకే మిగిలిపోయింది.

మరి తెల్ల చొక్కాలా? అవీ ఉన్నాయే. వేసుకుంటానన్నవాళ్ళు వేసుకున్నారు, వద్దన్నవాళ్ళు మానేశారు. దండెం మాత్రం అలాగే ఉంచేశారు. ఇంట్లో వాడని చీరలు, ఓణీలు, చొక్కాలు తెచ్చి అందరూ దాని మీద వేసేవాళ్ళు. పొద్దున్నే వచ్చి ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకునేవాళ్ళు. ఇది నీదా నాదా అని అడిగినవాళ్ళు లేరు.

కాంతమ్మ గారు మెచ్చుకుని వెళ్ళిన ఆ సాయంత్రమే సింహాద్రి పూల చొక్కా విప్పి మడత పెట్టి, జాగ్రత్తగా సన్యాసిరావు గారి చేతుల్లో పెట్టబోయాడు. ఆయన పుచ్చుకోలేదు.

"ఉంచుకో సింహాద్రీ. మా అమ్మ అంత వదులు నాకోసం చేసిందనుకున్నాను. నీకోసమే చేసినట్టుంది" అన్నాడు.

ఆఫీసు తెల్లవి కాక సింహాద్రికి ఇంక మూడు చొక్కాలు. ఆ మూడోది వేసుకున్న రోజున గోడ వైపు ఎప్పుడూ కూర్చోలేదు. సన్యాసిరావు గారంటావా? ఆయన తెల్ల చొక్కా మానలేదులే. కాకపోతే జేబులో ఒక ఎర్ర చేతిరుమాలు, కొస బయటికి కనపడేలా.

ఏమే, నిద్రొస్తోందా? రేపు యూనిఫాం వేసుకో. మీ క్లాసులో ఏ పిల్లకి రెండే గౌన్లున్నాయో మనకేం తెలుసు? జడకి మాత్రం నీకు నచ్చిన రిబ్బను కడతా. టీచరు ఏమన్నా అంటే మా అమ్మమ్మని అడగండి అని చెప్పు, నేను చూసుకుంటా. ఊఁ, కళ్ళు ముయ్యి.

దండెం మీద చొక్కా,
చొక్కా నిండా పువ్వు,
పువ్వు చూస్తే నవ్వు,
నవ్వుకుంటూ నువ్వు
నా పక్కన బజ్జో.
కథ చేరె కంచికి,
మనం చేరాం మంచానికి.