అల్లరి లేని పేట

అడవిలో ఉద్యోగాలుండవని ఎవడన్నాడో గానీ, వాడు అడవి మొహం చూసి ఉండడు. సింహం ఉన్నచోట కొలువుంటుంది. కొలువున్నచోట దాని కోసం కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళూ ఉంటారు.

రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేసేసరికి దక్షిణపు పొదల్లో గడ్డి మాడిపోయింది. నమలడానికి వేళ్ళు కూడా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే చెవులయ్య అనే కుందేలుకి ఉత్తరపు అడవి నుంచి పిలుపొచ్చింది. సింహంగారి కొలువులో కబుర్లు మోసే పని. రోజూ పొద్దున్నే హాజరు కావాలి. ఒకటే షరతు: కొలువు చుట్టూ ఉన్న పేటల్లో ఇల్లుండాలి. పేట విడిచాడా, కొలువు విడిచినట్టే.

చెవులయ్య ఎగిరి గంతేశాడు. పెళ్ళాం గరికమ్మ మాత్రం వెయ్యలేదు. ఆవిడకి ముగ్గురు పిల్లలు. ఏ చేను గట్టున కంటే ఆ చేను పేరే పెట్టుకుంది: పెద్దాడు జొన్నడు, నడిమిది సజ్జి, ఆఖరివాడు కొర్రడు. కొర్రడికి ఇంకా చెవులు కూడా సరిగ్గా నిలబడవు. ఒకటి లేస్తే ఇంకోటి వాలిపోతుంది.

“కొలువు సంగతి సరేనయ్యా. వీళ్ళని పెట్టుకుని ఎక్కడుంటాం?” అంది గరికమ్మ.

“అంత అడవిలో మనకో బొరియ దొరక్కపోతుందా? ఊరికే దిగులుపడకే!”

కొత్తగా వచ్చినవాళ్ళకి చోట్లు చూపించే పని అక్కడ నక్కది. ఒక ఇల్లు నిండితే, ఆ రోజు సింహం తిని వదిలేసిన ఎముకలు నక్కవి. ఇంత తెలిశాక ఎవరైనా కాస్త జాగ్రత్తపడతారు. చెవులయ్యా పడ్డాడు పాపం. దారంతా పెళ్ళాం చెవిలో, “నక్క మాట నమ్మకూడదు, గుర్తుపెట్టుకో” అని చెబుతూనే ఉన్నాడు.

నక్క మొదట కోటవాకిలి చూపించింది. సింహం గుహకి రెండు గంతుల దూరం. ఒక్క రాతి సందు మాత్రం ఖాళీగా ఉంది. ఐదుగురూ దూరితే ఊపిరి వంతులేసుకుని పీల్చుకోవాలి. పైన సింహం ఆవులిస్తే ఇంట్లో మట్టి రాలింది. ఇది కాదన్నారు.

తరవాత వాగు ఒడ్డున దిబ్బపేట. అబ్బబ్బ, ఆ గోల ఏం చెప్పమంటారు! ముంగిస పిల్లలు ఉడత పిల్లల తోకలు పట్టుకు లాగుతున్నాయి. ఉడత పిల్లలు చెట్టెక్కి వాటి నెత్తిన కాయలేస్తున్నాయి. ఎవరి పిల్ల ఎవరి ఇంట్లోంచి బయటికొస్తోందో తెలియదు. బుడ్డ ముంగిస ఒకటి పరుగెత్తుకొచ్చి చెవులయ్య చెవి పట్టుకుని ఊగి పారిపోయింది. ముసలి ముంగిస ఒకావిడ గుమ్మంలో కూర్చుని అందర్నీ కలిపి తిడుతోంది.

“ఈ పేట ఎలా ఉంటుంది పెద్దమ్మా?” అనడిగాడు చెవులయ్య.

“ఎలా ఉంటుంది, ఏడ్చినట్టుంటుంది. నీళ్ళరేవు దగ్గర రోజూ కొట్టుకు చస్తాం. ఈ వెధవలు మధ్యాన్నం ఒక్క కునుకు తియ్యనివ్వరు. వస్తే రండి, మానితే మానండి, నన్నడక్కండి!”

అప్పటికే కొర్రడు దుమ్ములో పడి ఒక ఉడత పిల్లతో దొర్లుతున్నాడు. గరికమ్మ మొహం మొదటిసారి విచ్చుకుంది.

“ఇక్కడుందామయ్యా” అంది.

“ఛీ ఛీ, ఇది పేటా, సంతా? సింహంగారి కొలువు చేసేవాడు ఉండాల్సిన చోటేనా? రేపు నా తోటివాళ్ళెవరైనా ఇంటికొస్తే తలెక్కడ పెట్టుకోను?”

“తల సంగతి తరవాత చూద్దువుగాని. పిల్లల్ని చూడు.”

“చూశాలే, ఒళ్ళంతా దుమ్ము. పద!”

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మొండివాళ్ళని చూశాం గానీ, కుందేలే అలా మొండికేస్తే ఇంక చెప్పేదేముంది.

మూడోది పచ్చవనం. పేరు నక్కే పెట్టింది. వెనక నున్నటి పెద్ద బండ, దాని ముందు మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డి మధ్య ఒద్దికగా పది బొరియలు. గోల లేదు, గొడవ లేదు, గుమ్మాల ముందు ఒక్క గడ్డిపోచ కూడా తొక్కి లేదు. చెవులయ్యకి నోరూరింది. అయినా జాగ్రత్తపరుడు కదా, నక్క వంక అనుమానంగా చూశాడు.

నక్క చేతులు జోడించింది. “నా మాట నమ్మకండి బావగారూ. నేను నక్కని, నా పేరెటూ మంచిది కాదు. ఇరుగుపొరుగుని అడగండి. నేను ఆ చెట్టు కింద కునుకు తీస్తుంటాను.”

ఇంతకంటే నిజాయితీ ఎక్కడుంటుందనుకున్నాడు చెవులయ్య.

ఎడమ బొరియలోంచి ముళ్ళపంది పిన్ని వచ్చింది. వస్తూనే కందముక్క తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టింది. “రండమ్మా రండి. ఇంత మంచి చోటు మీకు ఇంకెక్కడా దొరకదు. గాలి చల్లన, నీడ చల్లన. ఒకరి జోలికి ఒకరు పోం.” అంటూ కొర్రడి తల నిమిరింది, సజ్జి తల నిమిరింది, జొన్నడి తల నిమిరింది. “ముగ్గురే?” అంది.

“ముగ్గురే పిన్నీ” అంది గరికమ్మ. “మరి మీ పిల్లలేరీ?”

“ఒకత్తి లోపల పడుకుందమ్మా, ఒంట్లో బాగోలేదు. మిగిలిన ఇద్దరూ అమ్మమ్మగారింటికెళ్ళారు.”

కుడి బొరియలోంచి పందికొక్కు బాబాయి తల బయటపెట్టాడు. “మావాళ్ళు నలుగురూ అమ్మమ్మగారింట్లోనే. వానలు పడ్డాక వస్తారు. చోటు మాత్రం బంగారం, కళ్ళు మూసుకుని తీసేసుకోండి.”

గరికమ్మ గడ్డి వంక చూసింది. మేసే చిన్న నోళ్ళుంటే గడ్డి అంత ఏపుగా ఎందుకుంటుంది? మట్టి వంక చూసింది. పెద్ద అడుగులున్నాయి గానీ చిన్న అడుగు ఒక్కటీ లేదు. “పేటలో పిల్లలందరూ ఒక్కసారే అమ్మమ్మగారింటికి వెళ్ళారా...” అని ఏదో అడగబోయింది.

చెవులయ్య ఆవిడ కాలు తొక్కాడు. “ఊరుకోవే! మర్యాదస్తులు పిలిచి చోటిస్తుంటే ఆరాలేమిటి?” అన్నాడు మెల్లగా. ఆవిడ ఊరుకుంది. ఆ ఊరుకోవడానికి తనని తాను చచ్చేదాకా క్షమించుకోలేదు.

అలా పచ్చవనంలో మూట దించారు. నక్కకి ఎముకలు దక్కాయి.

మూడు వారాలు ఏ లోటూ లేదు. చెవులయ్య పొద్దున్నే కొలువుకెళ్ళి, సాయంత్రం వచ్చి, దిబ్బపేటలో ఉండే తోటివాళ్ళని తల్చుకుని జాలిపడేవాడు. పిల్లలకి మాత్రం తోచేది కాదు. ఆడుకోవడానికి ఎవరూ లేరు. ఒకరోజు ముగ్గురూ గుమ్మంలో కూర్చుని నస పెడుతుంటే ముళ్ళపంది పిన్ని చూసి నవ్వింది.

“పిల్లల్ని అలా కట్టేస్తే ఎలాగమ్మా గరికమ్మా? బండ మీద ఎండ బాగుంటుంది, కాసేపు ఆడుకోనీ” అంది.

గరికమ్మ పంపింది. కన్నతల్లే, తన చేత్తో పంపింది.

మిట్టమధ్యాన్నం బండ వేడెక్కింది. దాని పగుల్లో నెల్లాళ్ళుగా ముడుచుకు పడుకున్న కొండచిలువ కదిలింది. జొన్నడు, సజ్జి కేకలు పెడుతూ ఇంటికొచ్చి పడ్డారు. గరికమ్మ పరుగెత్తి బండెక్కేసరికి కొర్రడి వాలిపోయే చెవి ఒక్కటి కనబడింది. తరవాత అదీ కనబడలేదు. చిలువ మళ్ళీ పగుల్లోకి జారిపోయింది. అంత అరిచినా, పది బొరియల్లో ఒక్క తల బయటికి రాలేదు.

సాయంత్రం చెవులయ్య వచ్చి సంగతి విన్నాడు. నేరుగా వెళ్ళి ముళ్ళపంది పిన్ని గుమ్మం మీద పడ్డాడు.

“నీ నోరు పడిపోను! తెలిసి తెలిసి నా పిల్లల్ని బండ మీదికి తోలతావా? మంచి చోటన్నావే!”

పిన్ని తలుపుకి అడ్డంగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“దీని అసలు పేరు మింగుడుబండ. పచ్చవనమన్నది మీ నక్క బావ. చిలువకి నెలకో పిల్ల కావాలి. బండ మీద ఎవరూ దొరక్కపోతే బొరియల్లో దూరుతుంది. మా పెద్దది పోయిన రోజు నేనూ ఇలాగే పక్కింటి వాళ్ళ గుమ్మం మీద పడి ఏడ్చాను.”

“ఏడ్చినదానివి, నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు వస్తావా? నువ్వు రాకపోతే ఈ నెల వంతు ఎవరిది? నాకు ఒకత్తే మిగిలింది నాయనా. నీకు ముగ్గురున్నారనిపించింది.”

పందికొక్కు బాబాయి లోపల్నుంచే గొణిగాడు. “పేటలో ఇళ్ళు పెరిగితే ఎవరి వంతు వాళ్ళకి ఆలస్యంగా వస్తుందయ్యా. ఒక్కళ్ళు చేసింది కాదిది. తిలాపాపం తలా పిడికెడు.”

మర్నాడు చెవులయ్య నక్క దగ్గరికెళ్ళాడు. నక్క ఎముక కొరుకుతూ ఎంతో బాధగా తలూపింది.

“అయ్యో పాపం! కానీ బావగారూ, ఆ చోటు బాగుందని నేనొక్క మాటన్నానా? నా మాట నమ్మొద్దనే చెప్పానే!”

“పోనీ, దిబ్బపేటలో చోటిప్పించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“దిబ్బపేటా? మీరు వద్దన్న రోజే అడవిపిల్లి కుటుంబం వచ్చి దిగింది. సంతలా ఉందన్నారు కదా మీరు!”

సింహం దగ్గరికీ వెళ్ళాడు. సింహం ఒక కన్ను తెరిచి, “చిలువ నాకంటే ముందు నుంచీ అక్కడుంది. నీకిష్టం లేకపోతే వెళ్ళిపో, నిన్నెవడూ కట్టెయ్యలేదు” అని మళ్ళీ కన్ను మూసుకుంది.

ఎక్కడికి పోతాడు? దక్షిణపు పొదల్లో గడ్డిపోచ లేదు. వెళ్తే ఇద్దరు పిల్లలూ ఆకలికి పోతారు. ఉంటే ఎప్పుడో వంతొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మగాడు చేసేది లేక మర్నాడు కబుర్ల మూట ఎత్తుకుని కొలువుకి పోయాడు.

గరికమ్మ ఏడ్చింది. పది రోజులు ఏడ్చింది. పదకొండో రోజున జొన్నణ్ణి, సజ్జిని లోపలి గదిలోకి తోసి, “గట్టిగా ఊపిరి కూడా పీల్చకండి” అని ఆ గది గుమ్మానికి మట్టి పూసింది. తరవాత రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కొర్రడు పోయిన ఇరవై ఆరో రోజున పచ్చవనానికి నక్క మళ్ళీ వచ్చింది. వెంట కౌజుపిట్ట దంపతులు. మొగుడికి సింహాన్ని పొద్దున్నే కూతపెట్టి లేపే కొలువు దొరికిందట, ఆ సంబరం ఒంట్లో నిలవడం లేదు. వాళ్ళ వెనక బంతుల్లా దొర్లుకుంటూ పిల్లలు. నక్క చేతులు జోడించి, “నా మాట నమ్మకండి, ఇరుగుపొరుగుని అడగండి” అని చెట్టు కిందికి పోయింది.

కౌజు ఇల్లాలు నేరుగా గరికమ్మ దగ్గరికే వచ్చింది. “వదినా, దిబ్బపేటలో చోటు లేదన్నారు. దక్షిణపు దారిలో పిట్టలు పట్టేంత తొర్ర ఒకటి ఖాళీ ఉందట గానీ కాస్త దూరం. పిల్లలవాళ్ళం. ఈ పేట ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పు, నీకు పుణ్యముంటుంది.”

చెవులయ్యకి ఆ రోజు సెలవు. గుమ్మం పక్కనే ఉన్నాడు. కౌజు పిల్లల్లో ఒకదానికి ఇంకా రెక్క సరిగ్గా నిలబడటం లేదు, వాలిపోతోంది. అది చూసేసరికి అతనికి కొర్రడి చెవి గుర్తొచ్చింది. ఇంకో చోటుందట, పొమ్మంటే పోతారు. ఒక్క మాట చాలు. “అమ్మా, మీరు...” అని నోరు తెరిచాడు.

గరికమ్మ అతని కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

“మంచి చోటు వదినా” అంది. “గాలి చల్లన, నీడ చల్లన.”

“మీ పిల్లలేరీ?”

“ఇద్దరు లోపల పడుకున్నారు, ఒంట్లో బాగోలేదు. చిన్నాడు...” గరికమ్మ బండ వంక ఒకసారి చూసింది. “చిన్నాడు అమ్మమ్మగారింటికెళ్ళాడు.”

లోపలికెళ్ళి లేత చిగుళ్ళు తెచ్చి కౌజు పిల్లల ముందు పోసింది. ఒక్కొక్కదాని తలా నిమిరింది. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఆరు తలలూ నిమిరాక కౌజు ఇల్లాలి వైపు తిరిగింది.

“పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎలాగమ్మా?” అంది. “బండ మీద ఎండ బాగుంటుంది, ఆడుకోనీ.”

ఇల్లు మంచిదని ఇరుగుపొరుగు చెబితే చెప్పనీ. పిల్లల అల్లరి వినబడినచోటే మూట దించు.