చిటపటమంటే పోపే

నీకే చెబుతున్నాను, ఆ వెకిలినవ్వు ఆపి విను. పక్కింట్లో ఎవరైనా గొంతెత్తి ఏడిస్తే తప్ప నువ్వు గడప దాటి చూడవు. గవరయ్య కుటుంబం అంతకంటే పెద్ద తప్పేం చేసింది? నవ్వదలిస్తే చివరిదాకా విని నవ్వు.

గవరయ్యకు తన ఇంటి తెలివి మీద మహా గర్వం. లోకంలో ప్రతిదానికీ ఓ చప్పుడుంది, ఆ చప్పుడు చేస్తేనే అది అది, చెయ్యకపోతే కాదు అనేవాడు. అన్నం కుతకుతమంటుంది. వాన టపటపమంటుంది. ఎలక కిచకిచమంటుంది. ఇంత రహస్యం ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని భార్య బంగారమ్మా, కొడుకు సన్యాసీ మురిసిపోయేవాళ్ళు. కోడలు పైడమ్మ ఒక్కతే మురిసేది కాదు. అందుకని ఆమెకు బుర్ర తక్కువని తేల్చేశారు.

ఆ ఏడు ఇంట్లో వేరుశనగ విత్తనం లేదు. పైడమ్మ తన కాళ్ళ మువ్వల పట్టీలు అమ్మి, బుట్టెడు విత్తనం కొని అటక మీద దాచింది. తొలి వాన పడగానే నాటాలి. నాటకపోతే ఏడాదంతా పస్తే. పట్టీలు పోయినప్పట్నించీ ఆమె ఇల్లంతా తిరిగి చాకిరీ చేస్తున్నా, ఘల్లుమన్న చప్పుడు లేదు గనక రోజంతా కూర్చునే ఉందని అత్త తిట్టేది.

ఓ పొద్దున సన్యాసి గేదె పాలు పితుకుతున్నాడు. ఖాళీ చెంబులో ధార చుంయ్ చుంయ్‌మంది. సగం నిండి నురగ కట్టేసరికి ఆ మోత పోయింది. మోత లేకపోతే పాలెలా అవుతాయి? అంతే, పారబోశాడు. మళ్ళీ చుంయ్‌మంది. మళ్ళీ నురగ కట్టింది, మళ్ళీ పారబోశాడు. పొదుగు ఖాళీ అయ్యాక వట్టి చెంబు తెచ్చి, మన గేదె పొదుగులో పై పైనే పాలు, అడుగున ఏమీ లేదన్నాడు. తండ్రి మెచ్చుకుని వీపు తట్టాడు.

ఆ సాయంత్రం అటక మీద కరకరమంది. ఎలకలు విత్తనం తినేస్తున్నాయని పైడమ్మ మొత్తుకుంది. ఎలకైతే కిచకిచమంటుంది, కరకరమనేది జంతిక అని గవరయ్య నచ్చజెప్పాడు. ఇంకేముంది, జంతికలు అటక మీద ఎవరికి దాచిపెట్టావని బంగారమ్మ కోడల్ని దులిపేసింది. పైడమ్మ ఎక్కడినుంచో పిల్లిని తెచ్చి అటకెక్కించింది. పిల్లి నోరు మూసుకుని ఎలక కోసం పొంచి కూర్చుంది. మ్యావ్ అనని పిల్లిని తెచ్చి మోసపోయావని సన్యాసి దాన్ని తరిమేశాడు. సగం విత్తనం పోయింది. మిగిలిన సగం మీదే పైడమ్మ ప్రాణం పెట్టుకుంది.

మర్నాడు ఆమె పొయ్యి మీద గంజి పెట్టి చితుకులు ఏరుకోవడానికి వెళ్ళింది. ఓ నిప్పురవ్వ ఎగిరి తాటాకు కప్పుకు అంటుకుని చిటపటమంది. గవరయ్య ముఖం వెలిగిపోయింది. చిటపటమంటే పోపే. అంతే, కంచం పెట్టుకుని కూర్చున్నాడు. భార్యా కొడుకూ కూడా కంచాలు తెచ్చుకున్నారు.

పక్కింటి ముసలి నూకాలమ్మ రొప్పుతూ వచ్చింది.

"గవరయ్యా, కప్పు అంటుకుందిరా. లే."

"అది పోపు అప్పా. ఇల్లు కాలితే భగభగమంటుంది. ఆమాత్రం తెలీదేంటి మాకు?"

"పొగకి కళ్ళు మండటం లేదా?"

"మిరపకాయలు ఎక్కువ పడేసింది మా కోడలు," అంది బంగారమ్మ కళ్ళు నులుముకుంటూ.

ఇంతలో గాలి విసిరింది. కప్పు భగభగమంది. గవరయ్య తీరిగ్గా లేచి, పెళ్ళాం కొడుకులతో కంచాలు పట్టుకుని బయటికొచ్చి, చూశావా, ఇప్పుడు కాలుతోంది అన్నాడు, తన మాటే నెగ్గినట్టు. సన్యాసి పెరటి నూతిలో చేద వేశాడు. పోగైన జనం అరుపుల్లో బుడుంగుమన్న చప్పుడు వినపడలేదు. చప్పుడు లేనిదే నీళ్ళెక్కడివని, పైకొచ్చిన నిండు చేదను నూతిలోనే ఒంపేసి మళ్ళీ వేశాడు. అలాగే ఒంపుతూనే ఉన్నాడు. పైడమ్మ పరుగెత్తుకొచ్చి ఆ చేద లాక్కునేసరికి ఇల్లు లేదు, అటక లేదు, విత్తనం బొగ్గయింది.

ఆమె బూడిద పక్కన కూలబడి, మాడిన గింజొకటి చేతిలో పట్టుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం పెగలడం లేదు. కోడలికి ఓ మంచిమాట చెప్పరా అంది నూకాలమ్మ. గవరయ్య చెవి ఒగ్గి విన్నాడు.

"ఏడిస్తే బావురుమనాలి. ఇది ఏడవడం లేదప్పా. దీనికేం పోయిందని ఏడుస్తుంది?"

పైడమ్మ ఆ మాట వింది. లేచి, కళ్ళు తుడుచుకుని, ముగ్గురి ముందునుంచే నడిచి పుట్టింటి దారి పట్టింది.

"పెళ్ళాం పోతోందిరా, వెళ్ళి ఆపు," అని నూకాలమ్మ సన్యాసిని కుదిపింది. సన్యాసి తండ్రి వంక చూశాడు.

"మువ్వలు ఘల్లుమన్నాయా?" అన్నాడు గవరయ్య. "లేదు కదా. ఎక్కడికీ పోలేదు. లోపల వడ్డనకు సర్దుతోంది."

అంతే, ముగ్గురూ లేని ఇంట్లో, లేని కోడలి వడ్డన కోసం కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు వాలాక తొలి వాన వచ్చింది. మెత్తగా, సన్నగా, అలికిడి లేకుండా పడింది. ఊరంతా విత్తనాలు బయటికి తీసింది. టపటపమనలేదు గనక తాము తడవడం లేదనుకుని, గవరయ్యా భార్యా కొడుకూ కంచాల నిండా నీళ్ళు నిలిచేదాకా అక్కడే కూర్చున్నారు.