మార్కెట్ జంక్షన్ దాటిన కారు

చిన్న కథే, టీ చల్లారేలోగా అయిపోతుంది. తాతబ్బాయి మేష్టారిది. కాకినాడలో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది ఆయనే. అక్కడి రోడ్లు ఎందుకలా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. ఆయన భార్య మాత్రం ఇప్పటికీ బజారుకు నడిచే వెళ్తుంది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడే ఊరందరికీ చెప్పింది. ఎక్కడున్నాం? ఆ, కథ.

మేష్టారి శిష్యురాలు హైమవతి ఇప్పుడు డ్రైవరు లేకుండా నడిచే కారు తయారుచేస్తోంది. దాని చుట్టూ కెమెరాలు, దూరాలు కొలిచే పరికరాలు. పిల్లి అడ్డొచ్చినా ఆగుతుంది. చిక్కల్లా మార్కెట్ జంక్షన్‌తోనే. అందరూ వెళ్ళాక కదులుదామని చూస్తుంది. అక్కడ అందరూ వెళ్ళిపోవడమనేది ఇంతవరకూ జరగలేదు. సోమవారం కంపెనీ పెద్దల ముందు అది జంక్షన్ దాటకపోతే ఆ పనే ఆపేస్తారు.

"ఆగితే కదలదు, కదిలిస్తే నాకు భయం. ఏం చెయ్యను మేష్టారూ?" అని అడిగింది.

ఆయన ఆమెను తన మేనల్లుడి పెళ్ళి భోజనాలకు తీసుకెళ్ళి, చేతికి సాంబారు బకెట్టు ఇచ్చారు. బంతుల మధ్య ఇరుకు సందులో వడ్డించేవాళ్ళు ఎదురుబొదురుగా తిరుగుతున్నారు. హైమవతి అందరికీ దారి ఇస్తూ గోడకి అతుక్కుపోయింది. ఏ పెళ్ళిలోనూ ఒక్క వంటా మెచ్చని పెళ్ళికొడుకు పెద్దమ్మ, "ఈ అమ్మాయిని బకెట్టుకి కాపలా పెట్టారా?" అంది.

పప్పు గిన్నెతో అటు వెళ్తున్న మేష్టారు, "మెల్లగా, ఒకే తీరుగా నడువమ్మా. నువ్వెటు వెళ్తున్నావో తెలిస్తే వాళ్ళే తప్పుకుంటారు" అన్నారు.

హైమవతి ఒక అడుగు వేసింది. మంచినీళ్ళవాడు పక్కకి జరిగాడు. అరటికాయ వేపుడు వడ్డించేవాడు జరగలేదు. ఆమె ఆగి, మళ్ళీ కదిలింది. బంతి చివరికి వచ్చేసరికి ఎవరి పట్టుచీర మీదా చుక్క పడలేదు. పెద్దమ్మ మెచ్చుకోలేదు గానీ మారు వేయించుకుంది.

ఆ నడకే హైమవతి కారుకి నేర్పింది. సోమవారం అది ఎటు వెళ్తుందో చూపే లైటు ముందుగానే వేసి, జానెడు ముందుకు జరిగింది. ఒక ఆటో దూరింది, కారు ఆగింది. మళ్ళీ జానెడు జరిగింది. రెండో ఆటోవాడు ఆగాడు. ఎందుకు ఆగాడో అతనికే ఆశ్చర్యం వేసినట్టుంది. ఆ వెనక బస్సూ ఆగింది. కారు జంక్షన్ దాటింది. పెద్దలు చప్పట్లు కొట్టారు, హైమవతి రోడ్డు పక్కనే గంతులేసింది.

ఆ రోజు మార్కెట్ జంక్షన్‌లో జరిగిన ప్రమాదం ఒక్కటే. కారుని చూస్తూ స్కూటరు నడుపుతున్న మేష్టారు జామకాయల బండిని గుద్దేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దొర్లుకుంటూ వచ్చిన కాయల కోసం కారు ఆగి, అవి వెళ్ళాక కదిలింది.

హైమవతి పరుగున వచ్చి ఆయన్ని లేపింది. మేష్టారు చొక్కా దులుపుకున్నారు.

"నేనెటు వెళ్తున్నానో నాకే తెలియలేదమ్మా" అన్నారు.