వేట ఈగ గడ్డి కొసనే గుడ్లు ఎందుకు పెడుతుంది

ఒకప్పుడు వేరు పురుగు నేల మీదే ఉండేది. వేళ్ళ రుచి దానికి తెలియదు. రాలిన ఆకులు తిని, తెల్లగా, లావుగా, వంకర తిరిగి పడుకునేది. అందుకని అందరూ దాన్ని తెల్ల పురుగు అనేవారు.

ఆ రోజుల్లోనే వేట ఈగ కూడా ఉండేది. తుమ్మెదంత లావు, ఒళ్ళంతా బొచ్చు. ఎగిరే పురుగుల్ని వేటాడి తినేది. దాని పిల్లలకి రెక్కలు లేవు, కాళ్ళు లేవు. కళ్ళు మాత్రం చక్కగా ఉండేవి.

ఈ పిల్లలకి ఇల్లయినా, అన్నమయినా తెల్ల పురుగే. దాని ఒంట్లోకి దూరి, దాన్నే తింటూ పెరుగుతాయి. ఛీ అనకండి. పొద్దున మీరు తిన్న వేరుశనక్కాయలు మిమ్మల్ని అడిగి వచ్చాయా?

సరే, అసలు చిక్కు ఇది. ఒక తెల్ల పురుగు ఒక్క పిల్లకే సరిపోతుంది. రెండు దూరితే తిండి చాలదు, రెండూ చస్తాయి. కానీ వేట ఈగ పిల్లలకి కళ్ళున్నాయి కదా! గుడ్డులోంచి రావడం, చుట్టూ చూడడం, అన్నిట్లోకీ లావుపాటి పురుగెక్కడుందో దాని వైపే పాకడం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, నలభై పిల్లలు ఒక్క పురుగులోకే దూరాయి.

నాలుగు రోజులకి తిండి అయిపోయింది. అయిదో రోజుకి పిల్లలూ అయిపోయాయి.

వేట ఈగ మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి పిల్లల్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది. "తలా ఒక పురుగు చూసుకోండి. బక్కదైనా ఫరవాలేదు. అందరూ ఒకదాని మీదే పడకండి."

"అట్లాగేనమ్మా" అన్నాయి పిల్లలు. తల అటు తిప్పాయో లేదో, లావుపాటి పురుగు కనపడింది. ఇంకేముంది! ఆ నలభై కూడా పోయాయి.

వేట ఈగ ఏడ్చింది. ఈగ ఏడిస్తే చప్పుడు రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతలో తెల్ల పురుగులకి భయం పట్టుకుంది. అన్నీ కలిసి నేల దగ్గరికి పోయాయి. "తల్లీ, పైన ఉంటే మమ్మల్ని బతకనివ్వరు. కాస్త దాచిపెట్టు."

"రండి. కానీ నా ఇంట్లో ఆకులుండవు. వేళ్ళున్నాయి, తింటారా?" అంది నేల.

"ఓ, తినకేం!" అన్నాయి పురుగులు. ఆ రోజే లోపలికి దిగాయి.

వాటి పేరు వేరు పురుగులయింది అప్పుడే. అవి తిన్న వేళ్ళు ఎవరివనుకున్నారు? ఓబుళమ్మవి. అంటే ఓబుళమ్మ చేలో వేరుశనగవి. ఓబుళమ్మ ముసలిది, ఒంటరిది, నోరు పెద్దది. పచ్చగా ఉన్న చెట్టు పొద్దున్నే తల వేలాడేసేది. పట్టుకుని లాగితే వేరు లేకుండా చేతికొచ్చేది. "నా పొట్ట కొట్టినారు కదే, మీ నోళ్ళు పడిపోను!" అని ఆమె చేను మధ్యలో నిలబడి తిట్టేది. పురుగులు లోపల కూర్చుని వినేవి, తినేవి.

ఇక్కడ వేట ఈగ కడుపులో మళ్ళీ నలభై గుడ్లున్నాయి. ఇవే ఆఖరివి. వానలు తగ్గుముఖం పట్టాయి, రెక్కల అంచులు చిరిగిపోయాయి. ఇంకో వానాకాలం తను చూడదని దానికి తెలుసు. ఈ నలభై కూడా పోతే వేట ఈగల వంశమే ఉండదు. పైగా పురుగులు ఎక్కడున్నాయో కూడా ఇప్పుడు కనపడవు.

ఏం చెయ్యాలో తోచక అది బీడులో ఒక కంప మీద వాలింది. అక్కడ ఓబుళమ్మ పిడకల కోసం గంపలోకి పేడ ఎత్తుతోంది. ఒకచోట బ్రహ్మాండమైన పేడ ముద్ద ఉంది. ఓబుళమ్మ దాని దగ్గరికి పోయింది, చూసింది, వదిలేసి ముందుకి నడిచింది.

వేట ఈగకి ఆశ్చర్యమేసింది. "అవ్వా, అంత పెద్ద ముద్ద వదిలేసి పోతున్నావేం?"

"పుల్ల కనపళ్ళేదా? ఎవరో నా కంటే ముందొచ్చి గుచ్చిపోయినారు. అది వాళ్ళది."

"ఇక్కడెవరూ లేరు కదా. తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"ఏమే, నీకేమన్నా బుద్ధుందా? ఈ పొద్దు నేను వాళ్ళది తీస్తే, రేపు నేను గుచ్చింది ఇంకొకరు తీస్తారు. అప్పుడు ఎవరి పొయ్యీ వెలగదు" అని ఓబుళమ్మ ఇంకో చిన్న ముద్ద చూసుకుని ఎత్తుకుంది.

వేట ఈగ ఆ పుల్ల వంక చాలాసేపు చూసింది. తర్వాత తన గోడంతా చెప్పుకుంది. చచ్చిపోయిన నలభై, మళ్ళీ నలభై, కడుపులో ఉన్న నలభై.

ఓబుళమ్మ గంప కింద పెట్టింది. "ఉండుండు. నీ పిల్లలు తినేది ఆ తెల్ల పురుగుల్నేనా? ఆ ముండల్నేనా? ముందే చెప్పొద్దూ!"

వెంటనే వంగి నేల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. "నేల తల్లీ! దొంగల్ని దాచిపెట్టి కూర్చున్నావే, ఇదేమన్నా న్యాయమా?"

"దాక్కుంటానన్నవాళ్ళని దాస్తాను. వెతుక్కుంటానన్నవాళ్ళని వెతుక్కోనిస్తాను. నాకు అందరూ ఒకటే" అంది నేల.

"అయితే నా పిల్లల్ని వెతుక్కోనియ్యి" అంది వేట ఈగ.

"రమ్మను. కానీ నా ఇంట్లో చీకటి. కళ్ళతో పని లేదు, మన్ను పడితే మంట కూడా. కళ్ళు గడప దగ్గర విడిచి రమ్మను, బదులుగా వాసన పట్టే ముక్కు ఇస్తాను. పురుగు ఎంత లోతున దాక్కున్నా వాసన దాక్కోదు. రెక్కలొచ్చి పైకి పోయేరోజున ఎవరి కళ్ళు వాళ్ళకి ఇచ్చేస్తాను."

"కళ్ళు లేకపోతే లావుపాటిది కనపడదు. మంచిదే" అంది ఓబుళమ్మ. "ఇంక పుల్ల సంగతి. ముందు దూరినవాళ్ళు పురుగు చర్మానికి తమ వాసన రాయాలి. ఆ వాసన తగిలిందంటే వెనకొచ్చినవాళ్ళు దూరకూడదు. తెలిసిందా?"

"తెలిసింది. మరి గుడ్లు ఎక్కడ పెట్టను?"

"విత్తనమంతా ఒక్కచోటే కుమ్మరిస్తే పంటొస్తుందా? చల్లాల. పైకెక్కి పెట్టు, గాలి చల్లుతుంది."

వేట ఈగ చేను గట్టున అన్నిట్లోకీ పొడుగాటి గడ్డి కాడ వెతుక్కుని, దాని కొసకెక్కి నలభై గుడ్లు పెట్టింది. అక్కడే కూర్చుంది. వారానికి పిల్లలొచ్చాయి. తల్లి వాటికి అంతా చెప్పింది. కళ్ళ సంగతి, పుల్ల సంగతి.

అన్నిట్లోకీ చిన్నది అడిగింది, "కళ్ళు ఇచ్చేస్తే నిన్నెట్లా చూడాలమ్మా?"

తల్లి దాని ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఇప్పుడు చూసుకో" అంది.

చిన్నది చూసింది. చిరిగిన రెక్కలు, గడ్డాన తెల్లటి బొచ్చు. ఇంకా చూస్తుండగానే గాలి వచ్చి, "ఎక్కండెక్కండి, నాకు వేరే పనుంది" అని నలభైనీ ఊడ్చుకుపోయింది.

పిల్లలు చేనంతా చెల్లాచెదురుగా పడ్డాయి. గడప దగ్గర కళ్ళు విడిచాయి, మన్నులోకి దిగాయి.

చిన్నది అందరికంటే ఆలస్యంగా పడింది. ఆకలితో లోపలికి పోయింది, పోయింది. కమ్మటి వాసన తగిలింది. ఎదురుగా పెద్ద వేరు పురుగు. ఆనందంతో దాని చర్మానికి ముక్కు ఆనించింది, ఆగిపోయింది. ఇంకో వాసన ఉంది. అక్క వాసన.

వేరు పురుగు కదిలింది. దానికి కోపంగా ఉంది, ఉండదూ మరి! "ఏం పాపా, ఆగిపోయావేం? రా లోపలికి. చోటు బోలెడుంది" అంది. నేనెట్లాగూ పోతాను, ఇది కూడా దూరిందంటే ఈ రెండూ పోతాయి అని దాని లెక్క.

చిన్నది కదల్లేదు. ఎవరూ చూడట్లేదు, తనకి కూడా ఏమీ కనపడట్లేదు. లోపల అక్క చప్పుడు చెయ్యకుండా వింటోంది.

"పుల్ల గుచ్చి ఉంది" అంది చిన్నది. వెనక్కి తిరిగింది.

మీ జానెడు దూరం ఉంటుందేమో, ఇంకో వేరు పురుగుంది. దానికది రెండు రోజుల దారి. తోవలో రెండుసార్లు సొమ్మసిల్లింది. చివరికి చేను ఆఖరి సాలులో, ఒక బక్కపురుగు తగిలింది. చర్మమంతా వాసన చూసింది. ఎవరి వాసనా లేదు. తన వాసన రాసి, దూరింది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. నలభైలో ముప్పై ఏడు రెక్కలతో పైకొచ్చాయి. మూడు రాలేదు, ఏమయ్యాయో నాకు తెలియదు. ఓబుళమ్మ చేను మాత్రం ఆ ఏడు బాగానే పండింది.

గడప దగ్గర నేల ఎవరి కళ్ళు వాళ్ళకి ఇచ్చింది. నెలల తరబడి తడిమన్నులో నానిన కళ్ళు కదా, నానబెట్టిన శనగల్లాగా ఉబ్బిపోయాయి. తలకంతా కళ్ళే అయ్యాయి.

చిన్నది కళ్ళు పెట్టుకోగానే గట్టు మీదికి ఎగిరింది. ఆ పొడుగాటి గడ్డి కాడ అక్కడే ఉంది. కొసన వాలి అటు చూసింది, ఇటు చూసింది.

"ఎవరి కోసమే?" అంది కలుపు తీస్తున్న ఓబుళమ్మ.

"మా అమ్మ కోసం అవ్వా. ఇక్కడే కూర్చునుంది."

ఓబుళమ్మ కలుపు వదిలేసి గట్టు దగ్గరికి వచ్చింది. "మీ అమ్మ పోయినేడే పోయింది తల్లీ. మీరు గాలెక్కిన మూడో పొద్దు. అప్పటిదాకా ఆ కొస దిగలేదు" అంది.

చిన్నది విన్నది. విని కూడా ఇంకోసారి చుట్టూ చూసింది.

అప్పటినుంచే వేట ఈగ పొడుగాటి గడ్డి కొసన గుడ్లు పెడుతుంది. అప్పటినుంచే దాని పిల్లలు గాలికి చెదిరి, కళ్ళు గడప దగ్గర విడిచి, మన్నులో వాసన పట్టుకుంటూ పోతాయి. ఇంకొకరున్న పురుగు తగిలితే ఎంత ఆకలైనా పక్కకి తప్పుకుంటాయి. రెక్కలొచ్చాక కొసనెక్కి, అంతలేసి కళ్ళతో తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాయి. వేట కోసమని అందరూ అంటారు. వేట కోసం కూడా అయ్యుండొచ్చు.