చీమకు చీమ ఎదురైతే

ఒకప్పుడు చీమకు చీమ ఎదురైతే ఆగేది కాదు. తల తిప్పుకుని పోయేది. ఒకే పుట్టలో ఉంటూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావంటే నమ్ముతారా? నమ్మాలి మరి.

ఆ పుట్ట పైగదుల్లో మునసబు చీమ బలగం ఉండేది. నడిమి గదుల్లో పూజారి చీమ బలగం. అట్టడుగున మట్టి తవ్వే కూలి చీమలు.

అడుగు గది చల్లగా ఉంటుంది కదా! ఎండాకాలం వస్తే గుడ్లన్నీ అక్కడికే చేరేవి. అయితే కుప్పలు మాత్రం మూడు. మునసబు వాళ్ల గుడ్లకు ఎర్రమన్ను బొట్టు. పూజారి వాళ్ల గుడ్లకు సుద్దబొట్టు. కూలి చీమల గుడ్లకు ఏ బొట్టూ లేదు. ఒకరి గుడ్డు ఇంకొకరు ముట్టుకుంటే మునసబు జరిమానా వేసేది, పూజారి పాపం అనేది.

ఆ గుడ్లకు కాపలా నూకాలు అనే కుంటి చీమ. పోయినేడు వానకు పుట్ట కూలితే మట్టి ఎత్తిపోస్తూ కాలు పోగొట్టుకుంది. ఆ వానలోనే దాని గుడ్లు రెండూ కొట్టుకుపోయాయి. ఈ ఏడు దానికి ఉన్నది ఒక్కటే గుడ్డు.

ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. అడుగు గది గోడలోంచి నీళ్లు ఊరాయి.

"నీళ్లొస్తున్నాయి! రండర్రా!" అని నూకాలు కేక పెట్టింది.

అన్నీ పరుగెత్తుకొచ్చాయి. వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి.

"జరగండి! ముందు మా ఎర్రబొట్లు!" అంది మునసబు చీమ.

"దేవుడి సేవ చేసేవాళ్లం. ముందు మా సుద్దబొట్లు!" అంది పూజారి చీమ.

"మరి మావో?" అంది నూకాలు.

"బొట్టులేనివి ఆఖరున. అదేగా వరస!" అన్నాయి రెండూ. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం వాటికి భలే పొత్తు కుదిరింది.

నూకాలుకు ఒళ్లు మండింది. "ఏం మునసబూ, నీ గది తవ్వింది మేము. ఏం పూజారీ, నీ దేవుడికి గద్దె ఎత్తింది మేము. పుట్టే మునిగితే నీ పెత్తనం ఎవరి మీద? నీ గంట ఎవరి కోసం?"

అంతలో నీళ్లు గుడ్లను తాకాయి. ఎర్రమన్ను కరిగింది. సుద్దా కరిగింది. మూడు కుప్పలూ ఒకటై తేలాయి.

"అయ్యో, నా బిడ్డలేవి? నావేవో చెప్పు నూకాలూ!" అని పూజారి చీమ గొల్లుమంది.

నూకాలు కళ్లు కూడా తన ఒక్కగానొక్క గుడ్డు కోసం వెతికాయి. ఒక్క క్షణమే. తర్వాత వెతకడం మానేసింది. మునగబోతున్న గుడ్డు ఒకదాన్ని లాగి పూజారి ముందు పెట్టింది.

"ఇది నాది కాదేమో!"

"నీదే అయితే?"

పూజారి చీమ ఆ గుడ్డు నోట కరుచుకుని పైకి పరుగెత్తింది. మునసబు చీమ ఇంకొకటి అందుకుంది. ఇక చూడాలి, బారులు బారులు! నోట్లో గుడ్డు ఉన్నాక తగువాడడానికి నోరెక్కడిది? కుంటి నూకాలు నీళ్లలోనే నిలబడి ఒక్కొక్కటీ అందించింది. ఒక్క గుడ్డూ మునగలేదు.

ఎండ కాశాక గుడ్లు పిల్లలయ్యాయి. తన బిడ్డ ఏదో నూకాలుకు తెలియలేదు. కానీ ఆ పిల్లల్లో ఎక్కడో ఉంది. బతికి ఉంది.

నూకాలు కుంటుకుంటూ దారిలోకి వచ్చి, ఎదురైన ప్రతి చీమనూ ఆపింది. తలకు తల తాకించి, "నా బిడ్డను మోసింది నువ్వేనేమో తల్లీ! నీ మేలు మరవను," అంది.

కొన్ని చీమలు నవ్వాయి. మునసబు చీమ మాత్రం నవ్వలేదు. "నూకాలత్తా, నా బిడ్డల్ని అందించింది నువ్వు. ముందు నేను కదా చెప్పాలి!" అని తనే తల వంచి తాకించింది.

అప్పటినుంచే చీమకు చీమ ఎదురైతే, నోట ఎంత బరువున్నా, ఎంత తొందరున్నా, ఒక్క క్షణం ఆగి తల తాకించి మరీ వెళుతుంది. గోడవార చీమలబారు కనిపిస్తే కూర్చుని చూడండి. ఏ చీమ గుడ్డుకైనా బొట్టు ఉందేమో కూడా చూడండి.